డ్రోన్ ప్లాను ఊళ్లో కూర్చుని వేయాలి

మా వరంగల్ వైపు భూమి సర్వే మాటెత్తితే చాలు, ఇప్పుడు అందరూ డ్రోన్ గురించే మాట్లాడుతున్నారు. డ్రోన్ వస్తుంది, మీద నుంచి ఫొటోలు తీస్తుంది, ఇక గెట్ల పంచాయితీలన్నీ తెగిపోతాయి అంటున్నారు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ భూ రికార్డుల చట్టం భూ భారతి అమల్లోకి వచ్చి, రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాపు జతచేయాలన్న సంగతి ఊళ్లల్లోకి పాకాక ఈ ఆశ ఇంకా పెరిగింది. నేను హన్మకొండలో ఉంటూ చుట్టుపక్కల జిల్లాల్లో ఇదే పని చేస్తాను. డ్రోన్‌తో నాకు పేచీ లేదు. గొలుసు, టేపు పట్టుకుని నెలల తరబడి తిరగాల్సిన పని రోజుల్లో అయిపోతుందంటే ఎవరు కాదంటారు? నా పేచీ అంతా ఫ్లయిట్ ప్లాను, అంటే డ్రోన్ ఎప్పుడు, ఎంత ఎత్తున, ఏ దారిన ఎగరాలన్న లెక్క, ఎక్కడ తయారవుతోంది, ఎవరు తయారుచేస్తున్నారు అన్న దాని మీదే. ఊరి మొఖం చూడకుండా, సిటీలో ఒక గదిలో కూర్చుని, గూగుల్ మ్యాపు మీద ఊరి చుట్టూ ఒక గీత గీసి, సాఫ్ట్‌వేర్ ముందే నింపి పెట్టిన అంకెలకు సరే కొట్టి పంపిస్తున్న ప్లాన్లు నేను చాలా చూశాను. ఆ ప్లానుతో తీసిన ఫొటోలు చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి, భూమి కొలతకు మాత్రం సగమే పనికొస్తాయి. ఈ ప్లాను ఊళ్లో కూర్చుని, రైతులను అడిగి వేయాలని నేనంటాను. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు కాస్త లెక్కలోకి దిగాలి, విసుక్కోకుండా చదవండి.

మీద నుంచి తీసే ఒక్కో ఫొటో విడిగా కొలతకు పనికిరాదు. ఒకే జాగను రెండు మూడు చోట్ల నుంచి చూస్తేనే దాని ఎత్తు, దాని చోటు లెక్క తేలతాయి, అందుకే ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా తీస్తారు, దాన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. విమానాల్లో ఫిల్ము కెమెరాలు పెట్టి తీసిన కాలంలో ముందుకు 60 శాతం, పక్కకు 20 నుంచి 30 శాతం ఉంచేవాళ్లు. సగం ఎక్కితే ప్రతి జాగా రెండు ఫొటోల్లో పడుతుంది కదా, మిగతా పది శాతం విమానం ఊగినా, నేల ఎత్తుపల్లాలు ఉన్నా ఆదుకోవడానికి. డ్రోన్లకు ఇది చాలదు. చిన్న కెమెరా, గాలికి ఊగే శరీరం, ఫొటోలను కలిపేది కంప్యూటర్, అందుకని ముందుకు 75–80, పక్కకు 60–70 శాతం పెడతాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెల్, 8.8 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న కెమెరాను 100 మీటర్ల ఎత్తున పెడితే ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 2.7 సెంటీమీటర్లు అవుతుంది. ఒక ఫొటోలో 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు జాగ పడుతుంది. ముందుకు 80 శాతం కావాలంటే ప్రతి 20 మీటర్లకు ఒక ఫొటో, పక్కకు 70 శాతం కావాలంటే డ్రోన్ పోయే లైనుకూ లైనుకూ మధ్య 45 మీటర్లు. సెకనుకు 7 మీటర్ల వేగంతో పోతే దాదాపు మూడు సెకన్లకో ఫొటో పడాలి. షట్టర్ సెకనులో వెయ్యో వంతు ఉంటే ఆ వేగానికి ఫొటో 0.7 సెంటీమీటర్లు మాత్రమే జరుగుతుంది, పర్వాలేదు. మబ్బు పట్టిందని రెండు వందలో వంతుకు తెస్తే 3.5 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే పిక్సెల్ కంటే ఎక్కువ, గెట్టు గీత అలుక్కుపోతుంది. బ్యాటరీకి ఇరవై నిమిషాలు, మలుపులకు పోయేది తీసేస్తే డెబ్బై ఎకరాల దాకా వస్తుంది. 2,000 ఎకరాల ఊరికి ముప్పై బ్యాటరీల పని అన్నమాట.

ఇంతవరకు సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. గొడవ ఇక్కడి నుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఆ లెక్క అంతా నేల చదునుగా ఉందనుకుని వేసింది, మన నేల చదునుగా ఉండదు.

వరంగల్, హన్మకొండ, జనగామ వైపు ఏ ఊరు తీసుకున్నా పొలాల మధ్యలో ఒక రాతి గుట్ట లేచి ఉంటుంది. 100 మీటర్ల ఎత్తుకు, పక్కకు 60 శాతానికి ప్లాను వేశారనుకోండి, లైన్ల మధ్య 60 మీటర్లు వస్తుంది. దారిలో 40 మీటర్ల గుట్ట ఉంది. గుట్ట నెత్తి మీద డ్రోన్ ఎత్తు 60 మీటర్లే, ఫొటోలో పడే వెడల్పు 150 నుంచి 90కి పడిపోతుంది, ఓవర్‌ల్యాప్ మూడో వంతుకు వస్తుంది. గుట్ట 60 మీటర్లుంటే? వెడల్పు 60 మీటర్లు, లైన్ల దూరం 60 మీటర్లు, ఓవర్‌ల్యాప్ సున్నా. గుట్ట మీద ఎవడు దున్నుతాడులే అనుకోవద్దు. గుట్ట పాదం చుట్టూరా ఉండే భూములే అసైన్డ్ భూములు, బంజర్లు, పోరంబోకు పక్కన పట్టాలు, అంటే అసలు తగాదాలున్న జాగలు. ఆ జాగల నుంచి వాలు ఎక్కేకొద్దీ మ్యాపులో బొక్కలు పడతాయి. నేల ఎత్తును బట్టి డ్రోన్ కూడా లేచి దిగేలా ప్లాను వేసుకోవచ్చు, లేదంటే గుట్టకు విడిగా ఒక ప్లాను వేసుకోవచ్చు. రెండూ కష్టం కాదు, కాకపోతే అక్కడ గుట్ట ఉందని ముందు తెలియాలి. ఇంకో సంగతి, చాలా డ్రోన్లు ఎత్తును లేచిన చోటు నుంచే లెక్కేసుకుంటాయి. నీడగా ఉందనో, ఖాళీగా ఉందనో చెరువు కట్ట మీద నుంచి లేపితే, కట్ట ఎంత ఎత్తుంటే పొలానికి అంత ఎక్కువ ఎత్తున ఎగిరినట్టే.

ఎత్తు మన ఇష్టం కూడా కాదు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా అనుమతి అడగనక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అది 200 అడుగులే. మామునూరులో విమానాలు దిగడం మొదలైతే వరంగల్ చుట్టూ ఎన్నో ఊళ్లకు ఈ లెక్క వర్తిస్తుంది. 60 మీటర్లకు దిగితే, పక్కకు అదే 70 శాతం ఉంచితే, లైన్ల మధ్య దూరం 45 నుంచి 27 మీటర్లకు వస్తుంది. బ్యాటరీలూ రోజులూ అదే లెక్కన పెరుగుతాయి. రేటు ముందే ఒప్పుకుని వచ్చినవాళ్లు అప్పుడు ఓవర్‌ల్యాప్ తగ్గించేస్తారు, అది ఫొటో చూసి ఎవరూ పట్టుకోలేరు.

ఏ నెలలో ఎగరాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దీని మీదే నాకు ఎక్కువ కోపం. పని ఎప్పుడు శాంక్షన్ అయితే అప్పుడు ఎగరేస్తున్నారు. ఆగస్టులో పత్తి మోకాలు దాటుతుంది, అక్టోబరులో నడుమెత్తు ఉంటుంది, గెట్టు ఎక్కడో కింద మునిగిపోయి ఉంటుంది. పత్తి ఏరడం అయినా మరో ఏరుడు వస్తుందని జనవరి దాకా కట్టె పీకరు. వరి పొలం నాటేసి పచ్చగా ఉంటే ఎటు చూసినా ఒకే రంగు, గాలికి కదులుతూ ఉంటుంది, కంప్యూటర్‌కు రెండు ఫొటోల మధ్య పోల్చుకోవడానికి గుర్తులు దొరకవు. చెరువు నిండి ఉంటే మరీ కష్టం. నీటి మీద కంప్యూటర్ పోలికలు పట్టలేదు, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువుల సంగతి అటుంచి ఊరి చెరువైనా సరే, నిండుగా ఉన్నప్పుడు తీస్తే అక్కడ మ్యాపు చిరుగులు పడుతుంది. అసలు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, ఎంత, ఎవరు ఎంత లోపలికి వచ్చారు అన్నది నీళ్లు దిగితేనే కదా కనిపించేది.

యాసంగి కోతలు అయిపోయాక, ఏప్రిల్ చివరి నుంచి మృగశిర వానలు పడేదాకా, నేల తేటగా ఉంటుంది. వరికొయ్యలు తప్ప ఏమీ ఉండవు, మొక్కజొన్న కట్టె కొట్టేసి ఉంటారు, చెరువులు అడుగంటుతాయి, టేకు ఆకు రాల్చి ఉంటుంది. ఏ రైతును అడిగినా గెట్టు ఎప్పుడు కనబడుతుందో ఇదే చెప్తాడు, దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఎండ మాత్రం భయంకరం. అందుకే పొద్దు లెక్క కూడా ప్లానులో ఉండాలి. నీడలు మరీ పొడుగ్గా ఉండకూడదంటే సూర్యుడు కనీసం 30 డిగ్రీలు పైకి రావాలి. 30 డిగ్రీల దగ్గర పది మీటర్ల చెట్టు నీడ 17 మీటర్లు పడుతుంది, పక్క గెట్టు మొత్తం ఆ చీకట్లో పోతుంది. మే నెలలో మనకు ఎనిమిదింటికే ఆ ఎత్తు వచ్చేస్తుంది. మరి మధ్యాహ్నం తీస్తే నీడే ఉండదు కదా అంటారు. మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు ఫొటో మధ్యలో వెలుగు మచ్చ పడి నేల వివరం చెదిరిపోతుంది. దానికి తోడు వేడి గాలులు, సుడిగాలులు, కాలిపోతున్న బ్యాటరీలు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎగరాలి, ఆపాలి. అంటే రోజుకు దొరికేది రెండున్నర గంటలు. ముప్పై బ్యాటరీల ఊరికి ఎన్ని రోజులు పడతాయో, ఎన్ని ఊళ్లకు ఒక టీము కావాలో ఈ లెక్క నుంచి తేల్చాలి. ఇప్పుడు తిరగబడి జరుగుతోంది, రోజులు ముందు రాసుకుని వాటిలో ఎగరడాన్ని కుక్కుతున్నారు.

పరకాల వైపు ఒక ఊళ్లో పెద్దయ్య ఒకాయన నన్నొక మాట అడిగాడు. "సారూ, అది మీదికెళ్లి పోతది, మా గెట్టు దానికెట్ల ఎర్కయితది?" ఇంతకంటే సూటి ప్రశ్న నేను ఏ సెమినార్‌లోనూ వినలేదు.

డ్రోన్‌కు ఎరుక కాదు. ఫొటోలో పడేది మట్టి, గడ్డి, నీడ. గెట్టు అన్నది ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందం. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు, మీటర్లలో వంద చదరపు మీటర్ల పైన ఒకటి. వంద మీటర్ల పొడవున్న గెట్టు ఒక మీటరు ఇటు జరిగితే గుంట భూమి చేతులు మారినట్టే. మన గెట్లు ఎంత వెడల్పుంటాయి? కొన్ని చోట్ల మీటరు, కొన్ని చోట్ల ఇద్దరూ చెరో వైపు నుంచి ట్రాక్టర్‌తో గోకి గోకి జానెడు. మూడు సెంటీమీటర్ల పిక్సెల్‌తో తీసిన ఫొటో మీద, మీటరు వెడల్పున్న గెట్టులో గీత ఎక్కడ గీయాలో ఆఫీసులో మౌస్ పట్టుకున్న పిల్లగాడు ఎలా తేలుస్తాడు? మధ్యలో గీస్తాడు. ఆ మధ్య గీత రేపు పాస్‌బుక్కులో గుంటలుగా మారుతుంది. పక్క ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, కోర్స్ స్టేషన్లు (చోటును కచ్చితంగా తేల్చడానికి ఎప్పుడూ నడిచే జీపీఎస్ కేంద్రాలు) అన్నీ వాడారు, అయినా విస్తీర్ణం తేడాలొచ్చాయని రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. యంత్రం తక్కువై అలా జరిగిందని నేను అనుకోను.

దీనికి మందు కొత్తదేం కాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో, ఊరి ఆబాదీ (ఇళ్లుండే) జాగల మీద సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్ ఎగరేసే ముందు ఇంటింటి హద్దు మీద సున్నం గీతలు వేయించేవాళ్లు, పక్కింటివాళ్లు కూడా చూస్తుండగా. ఇళ్లకు గోడలున్నాయి, అయినా సున్నం వేశారు. గోడలే లేని పొలాలకు ఇంకెంత కావాలి? ప్రతి గెట్టు మలుపు దగ్గర ఇద్దరు పట్టాదారులను నిలబెట్టి, ఇద్దరూ సరేనన్న చోట సున్నంతో ముప్పై నలభై సెంటీమీటర్ల గుర్తు వేయాలి, పాత హద్దు రాయి దొరికితే చుట్టూ గడ్డి చెక్కి సున్నం కొట్టాలి. ఇద్దరికీ కుదరని చోట రెండు గుర్తులు వేసి తగాదా అని రాసుకోవాలి. అప్పుడు ఫొటో సాక్ష్యం అవుతుంది. ఇది చేయడానికి రోజులు పడతాయి, పట్నంలో ఉన్న కొడుకులను పిలిపించాలి, కాబట్టి ఎగిరే తేదీ ఊరికి నెల ముందే తెలియాలి. ప్లాను ఊళ్లో వేయాలనడానికి మొదటి కారణం ఇదే.

మన వైపు గెట్ల మీద తాటిచెట్లు ఎక్కువ. హద్దు చూపించమంటే రైతు తాటిచెట్టు చూపిస్తాడు, తాతలనాటి సాక్షి అది. డ్రోన్ ఫొటోలో మాత్రం కనిపించేది దాని తల. పదిహేను మీటర్ల తాటిచెట్టు, డ్రోన్‌కు కింద నుంచి అరవై మీటర్లు పక్కగా ఉంటే, 100 మీటర్ల ఎత్తు నుంచి దాని తల మొదలుకు పది మీటర్లకు పైగా అవతల పడ్డట్టు కనిపిస్తుంది. తల చూసి గీత గీస్తే ఒకరి పొలంలో మూడో వంతు గీత అవతలికి పోవచ్చు. పక్క ఓవర్‌ల్యాప్ బాగా పెంచితే ప్రతి చెట్టూ ఏదో ఒక ఫొటో మధ్యలో, నిటారుగా పడుతుంది, మొదలు కనిపిస్తుంది. తాటివనాలు, మామిడి తోటలు ఉన్న ఊరికీ, ఒట్టి మెట్ట భూములున్న ఊరికీ ఒకే శాతం పెట్టడం అందుకే తప్పు. మామిడి ఏడాదంతా ఆకు ఉంచుకునే చెట్టు, దాని కింద గెట్టును ఏ డ్రోన్ చూడలేదు, అక్కడ మనిషి జీపీఎస్ పట్టుకుని నడవాల్సిందే, ఆ జాగలను ప్లానులో ముందే గుర్తించి పెట్టుకోవాలి.

ఇక పొలిమేర. నన్నడిగితే ఫ్లయిట్ ప్లాన్లలో జరిగే అతి పెద్ద అన్యాయం ఇక్కడే. ఊరి నక్షా తీసుకుని దాని గీత మీదే కవరేజీ ఆపేస్తారు. ఎకరాకు ఇంత అని రేటు కట్టిన పనిలో గీత దాటి ఎగిరితే ఆ ఖర్చు ఎవరిస్తారు మరి? మధ్యలో ఉన్న జాగ పదిహేను ఫొటోల్లో పడితే, అంచున ఉన్న జాగ రెండు మూడు ఫొటోల్లో పడుతుంది, అవీ ఒకే వైపు నుంచి చూసినవి. కొలత అన్నిటికంటే బలహీనంగా ఉండేది అక్కడే. మన ఊళ్లల్లో పేచీలు ఎక్కువగా ఉండేదీ అక్కడే, రెండు ఊళ్ల మధ్య ఒర్రె (వాగు) దారి మారింది, ఒకే భూమికి రెండు ఊళ్ల పహాణీల్లో (సాగు రికార్డుల్లో) పేర్లు పడ్డాయి, ఒర్రె ఒడ్డున పదెకరాలు ఎవరివో తేలలేదు. పక్క ఊరికి ఆరు నెలల తర్వాత ఇంకో కంపెనీ వచ్చి, ఇంకో కంట్రోల్ పాయింట్లతో, అంటే చోటు ముందే కచ్చితంగా కొలిచి నేల మీద పెట్టుకున్న గుర్తులతో, ఎగురుతుంది. రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే ఒక చోట ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఇంకో చోట ఎవరికీ చెందని సన్న చీలిక మిగులుతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. కనీసం రెండు లైన్లు, అంటే దాదాపు వంద మీటర్లు, పక్క ఊళ్లోకి ఎగరాలి, ఆ మేరకు డబ్బు కూడా ఇవ్వాలి. మూడు ఊళ్లు కలిసే ట్రై జంక్షన్ రాళ్లను వెతికి, వాటినే కంట్రోల్ పాయింట్లుగా పెట్టి, మూడు ఊళ్ల మ్యాపులకూ అవే వాడాలి. ఆ రాళ్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్‌లో ఉండదు, మస్కూరీ (ఊరి రెవెన్యూ నౌకరీ) చేసిన ముసలాయనకో, బర్లు కాసే ఆయనకో తెలుస్తుంది. నక్షాయే లేని ఊళ్లు మన రాష్ట్రంలో వందల్లో ఉన్నాయి, వాటికైతే పొలిమేర ఎక్కడో చుట్టుపక్కల ఊళ్లవాళ్లను కూడా కూర్చోబెట్టి తేల్చాకే అంచు గీయగలం.

కంట్రోల్ పాయింట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, డ్రోన్‌లో ఆర్‌టీకే (జీపీఎస్ చోటును సెంటీమీటర్ల దాకా సరిచేసే ఏర్పాటు) ఉంది, నేల మీద పాయింట్లు ఎందుకు అనేవాళ్లు పెరిగారు. తగ్గించవచ్చు, ఎత్తేయకూడదు. నేల మీద పాయింట్లు లేకుండా సమాంతర లైన్లతోనే తీసిన ఫొటోలు కలిపితే మొత్తం మ్యాపు మధ్యలో బోర్లించిన గిన్నెలా ఉబ్బే ప్రమాదం ఉంటుంది. అంచుల్లో, మధ్యలో పాయింట్లు, అడ్డంగా రెండు మూడు లైన్లు, అంతే కావాల్సింది. వాటికి తోడు లెక్కలో కలపకుండా పక్కన పెట్టిన చెక్ పాయింట్లు కొన్ని ఉండాలి, మ్యాపు ఎంత తప్పిందో చెప్పేది అవే. ఆ తప్పు ఎంతో రైతుకు చెప్పే రిపోర్టు ఊళ్లో ఎప్పుడూ నా కంటపడలేదు.

ఇన్ని చేస్తూ కూర్చుంటే ఏ కాలానికి అవుతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది అని ఆఫీసర్లు అడుగుతారు. వాళ్ల మీద ఒత్తిడి నాకు తెలుసు, సర్వేయర్లు తక్కువ, ఊళ్లు ఎక్కువ. అయినా మ్యాపు ఒకసారి రికార్డుకెక్కాక దాన్ని సరిచేయించుకోవడానికి ఒక రైతు పెట్టే ఖర్చు, తిరిగే తిరుగుడు, పోయే కూలి, కోర్టు వాయిదాలు ఎవరి లెక్కలోనూ రావు. ఊరికి నాలుగు బ్యాటరీలు ఎక్కువ, సున్నం బస్తాలు కొన్ని, నెల ముందు ఒక గ్రామసభ, పొలిమేర అవతల రెండు లైన్లు. పెరిగే ఖర్చు ఇంతే.

అందుకని నేను అడిగేది ఇది. డ్రోన్ లేవడానికి నెల ముందు ఫ్లయిట్ ప్లానును తెలుగులో, ఒక పెద్ద షీటు మీద గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. ఏ తేదీల్లో, ఏ వేళల్లో ఎగురుతారు, ఎంత ఎత్తు, ఎంత ఓవర్‌ల్యాప్, గుట్టకు ఏం చేస్తున్నారు, పొలిమేర దాటి ఎంత దూరం పోతున్నారు, కంట్రోల్ పాయింట్లు ఏ సర్వే నంబర్లలో పెడుతున్నారు, ఏ తోటల్లో మనుషులు నడిచి కొలుస్తారు. పక్కనే ఒక రిజిస్టరు పెట్టి, ఫలానా చోట హద్దు రాయి ఉంది, ఫలానా గెట్టు తగాదాలో ఉంది అని రాసుకోవాలి. ఎగిరాక చెక్ పాయింట్లలో ఎంత తేడా వచ్చిందో అదే గోడ మీద వేయాలి. మీ ఊరికి డ్రోన్ వస్తుందని తెలిస్తే, రైతులుగా మీరు కూడా ఈ షీటు అడగండి, సర్పంచ్‌ను అడగండి, సర్వేయర్‌ను అడగండి. వచ్చే యాసంగి కోతల తర్వాత ఎగరాలంటే గ్రామసభ మార్చిలో జరగాలి, సున్నం ఏప్రిల్ రెండో వారానికల్లా గెట్ల మీద పడాలి.